బందరు కోట పడిన రాత్రి

దమ్మపేట నుండి అశ్వారావుపేట మీదుగా తూర్పునకు పోవు బాటసారికి నేల ఎచ్చటను మారినట్లు తోచదు. ఇవతల నున్న అడవియే అవతలను ఉన్నది. ఇవతలి కోయగూడెములకు అవతలి గూడెములతో బంధుత్వములు కలవు. భాష యొకటే, వానకారు లొకటే, సంతలలో అమ్ముడుపోవు సరకు లొకటే. అయినను ఆ అడవులగుండ కంటికి కానరాని గీత యొకటి చిరకాలముగా సాగుచున్నది. 1948 సెప్టెంబరు వరకు ఆ గీతకు పడమట నైజాము రాజ్యము, తూర్పున ఆంగ్లేయుల మద్రాసు రాజధానియు, స్వాతంత్ర్యానంతరము మద్రాసు రాష్ట్రమును ఉండెను. ఇటువైపు హాలీ సిక్కా నాణెము, కరోడగిరి సుంకపు నాకాలు. అటువైపు కంపెనీవారి రూపాయి, కలెక్టరు కచ్చేరి. 1956 నవంబరు 1వ తేదీన ఆ గీత చెరిగినది. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రముల సరిహద్దుగా మరల ఏర్పడినది.

ఒకే మాట మాటలాడు జనులను రెండు కొలువులకు పంచిన ఈ గీత ఎట్లు పుట్టినది? దీని చరిత్రలో సంధిపత్రములు పెక్కు కలవు. కాని ఆ పత్రము లన్నింటికిని ముందు ఒక రాత్రి కలదు. అది 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి. స్థలము ఈ అడవులకు దక్షిణముగా, కృష్ణ సముద్రమున కలియు బాడవ నేలలలోని బందరు కోట. ఆ రాత్రి కొన్ని వందలమంది సైనికులు రొంపిలో దిగి, నడుములోతు నీరు దాటి, తమకంటె ఎక్కువ సంఖ్యలో నున్న శత్రువులు కాచుకొన్న కోటలో ప్రవేశించిరి. తెల్లవారునప్పటికి తెలుగుదేశపు భవిష్యత్తు మారినది. ఆ సంగతి ఆనాడు తెలుగుదేశములో ఎందరికి తెలిసెనో ఊహింపవలసినదే.

మన కాలమున ఏరి కూర్చిన చిన్న దళమును రాత్రివేళ శత్రువుల నడుమకు పంపి కీలకస్థానమును పట్టుకొనుట యుద్ధశాస్త్రమున ప్రత్యేక శాఖయైనది. రెండవ ప్రపంచయుద్ధము నాటి నుండి ‘కమాండో’ అను మాట ఇందులకు వాడుకలోనికి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దమున ఆ పేరు లేదు, ఆ శిక్షణయు లేదు. కాని ఆ పని లేకపోలేదు.

మొదట అప్పటి పరిస్థితిని ముచ్చటింతము. మచిలీపట్నపు కోట ఫ్రెంచివారి వశమగుటయే ఒక రాత్రి దాడివలన. 1750లో పుదుచ్చేరి గవర్నరు డూప్లే ఓడలపై పంపిన చిన్న పటాలము, రాత్రి ఒడ్డున దిగి, ఏమరుపాటున నున్న కోటను దాదాపు నష్టము లేకుండ పట్టుకొనెను. తరువాత బుస్సీ హైదరాబాదున సలాబత్ జంగును గద్దెనెక్కించి నిలిపినందులకు ప్రతిఫలముగా, 1753లో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులు ఫ్రెంచివారికి సంక్రమించెను. సేనల జీతములకై ఈ సర్కారుల శిస్తు వారు వసూలు చేసికొనవచ్చును. తెలుగు రైతు కట్టిన శిస్తు ఫ్రెంచి సిపాయి జీతమయ్యెను.

ఈ ఏర్పాటులో జమీందారుల పరస్పర వైరములు నిప్పు రాజవేసినవి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధమును ఎరుగని తెలుగువాడు లేడు. బుస్సీ సహాయముతో బొబ్బిలిని నేలమట్టము చేయించిన విజయనగర ప్రభువు పెద విజయరామరాజు, తాండ్ర పాపారాయని చేతిలో తన డేరాలోనే హతుడయ్యెను. అదియు రాత్రి దాడియే. ఆయన తరువాత వచ్చిన ఆనంద గజపతిరాజునకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో లాలీ ఆజ్ఞచే బుస్సీ దక్షిణమునకు మరలిపోగా, సర్కారులలో ఫ్రెంచి సేనకు కాన్ఫ్లాన్సు అను ప్రభువు అధిపతియయ్యెను. అదను చూచి ఆనందరాజు విశాఖపట్నమును పట్టుకొని, అచ్చట ఆంగ్లేయుల జెండా నెగురవేయించి, సహాయమునకై వారికి లేఖలు పంపెను.

లాలీ భయమున నున్న మద్రాసువారు సహాయము చేయజాలమనిరి. వంగదేశమున క్లైవు మాత్రము ఆ లేఖలోని అవకాశమును గ్రహించెను. సర్కారులు పోయినచో ఫ్రెంచివారికి శిస్తు పోవును. శిస్తు పోయినచో సేన నిలువదు. అందుచే కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డు అను సేనానిని సుమారు ఐదువందలమంది ఐరోపా సైనికులతోను, రెండువేలమంది సిపాయిలతోను ఓడలపై పంపెను. ఫోర్డు 1758 అక్టోబరులో విశాఖపట్నమున దిగి, డిసెంబరు 7వ తేదీన పిఠాపుర ప్రాంతమందలి చందుర్తియొద్ద కాన్ఫ్లాన్సు నోడించెను. వంగదేశపు సిపాయిలు ఎఱ్ఱ దుస్తులు ధరించియుండగా, వారినే తెల్ల సైనికులని భ్రమించి ఫ్రెంచివారు తమ బలమునంతయు అటు త్రిప్పిరనియు, అదియే వారి కొంప తీసెననియు చెప్పుదురు. ఓడిన కాన్ఫ్లాన్సు బందరు కోటకు చేరెను.

వెంటనే తరుముకొని పోయియుండిన బాగుండెడిది. కాని ఫోర్డునకు డబ్బు లేదు. నెలకు ఏబదివేల రూపాయలు ఇత్తునని ఒప్పుకొన్న ఆనందరాజు, గెలుపు చేతికి వచ్చిన పిమ్మట ఏదో యొక సాకుతో వాయిదాలు వేయసాగెను. రాజు పక్షమునను ఒక న్యాయము లేకపోలేదు. సేనకు అన్నము పెట్టి, కూలి యిచ్చి, తుదకు ఫలమును పరులకు ఒప్పగించుట ఏ ప్రభువునకు సమ్మతము? ఈ తగవులలో ఏబది దినములు గడచెను. 1759 ఫిబ్రవరి మొదటి వారమున ఏలూరు చేరి, మార్చి 6వ తేదీన ఫోర్డు బందరు ముందు నిలిచెను.

బందరు కోట కొండమీది కోట కాదు. అది చిత్తడినేల కోట. కోటకును పేటకును నడుమ రమారమి మైలున్నర దూరము రొంపి, దానిమీద కట్టిన ఒకే బాట. దక్షిణమున సముద్రపు పాయ. మిగిలిన వైపులను ఉప్పు రొంపి, ఆటుపోటులకు నిండి తరుగు కందకములు. పదునొకండు బురుజులు, మట్టితోను ఇటుకలతోను కట్టిన గోడలు. ఫోర్డు ఈశాన్యమున ఇసుకదిబ్బలపై ఫిరంగులను నిలిపి కాల్పులు ప్రారంభించెను. పగలు ఫిరంగి గుండ్లు గోడలను కూల్చెను. రాత్రి ఫ్రెంచివారు ఆ గండ్లను పూడ్చుకొనిరి. లోపలివారి సంఖ్య వెలుపలివారి సంఖ్యకంటె ఎక్కువ. ఇట్టి ముట్టడి యుద్ధశాస్త్రమున కెక్కదు.

అంతకంటె చిత్రమేమనగా, ముట్టడించినవాడే ముట్టడింపబడెను. సలాబత్ జంగు పదునైదువేల గుఱ్ఱముతో, ఇరువదివేల కాల్బలముతో బెజవాడకు వచ్చి, ఫ్రెంచివారి పక్షమున బందరు మీదికి దిగుచుండెను. వెనుక డు రోషే అను ఫ్రెంచి అధికారి మఱియొక దళముతో రాజమహేంద్రవరమును తిరిగి పట్టుకొని, ఫోర్డునకు విశాఖపట్నపు దారిని మూసివేసెను. కోట ముందు, నవాబు ప్రక్కను, డు రోషే వెనుక. అధికారుల సొంత సొమ్మును, సైనికుల దోపుడు వాటాలను గూడ అప్పు తీసికొని వాడివేయుటచే, ఫోర్డు ఖజానా శూన్యము. మార్చి నడుమ తెల్ల సైనికులు ఆయుధములు పట్టి బారులు తీరి, జీతములు ముట్టనిచో మరలిపోదుమని తిరుగబడిరి. కోటలో దొరకు సొత్తున వారి వాటాను మాత్రమే కాక, కంపెనీ వాటాను గూడ వారికే యిప్పింప ప్రయత్నింతునని మాట యిచ్చి ఫోర్డు వారిని శాంతింపజేసెను. నవాబు పిలుపునకు బెదరిన ఆనందరాజు ఒకరాత్రి తన సేనతో స్వదేశాభిముఖుడై కదలిపోయెను. నవాబు గుఱ్ఱపుదళము ఒకవైపు, డు రోషే మఱియొకవైపు ఉండగా దారిలో నీకు దిక్కెవ్వరని ఫోర్డు కబురంపగా, ఆలోచించి వెనుకకు మరలెను.

ఏప్రిల్ 6వ తేదీన రెండు వార్తలు ఒక్కమారుగా వచ్చెను. సలాబత్ జంగు కదలెననియు, డు రోషే అతనిని కలియనున్నాడనియు మొదటిది. మందుగుండు రెండు దినములకంటె ఎక్కువ రాదని ఫిరంగి అధికారులు చెప్పిన మాట రెండవది. ఓడ నెక్కి పోవుట యొకటే క్షేమమైన మార్గము. ఫోర్డు ఆ మార్గము నొల్లక, మరునాటి రాత్రియే కోటపై పడుటకు నిశ్చయించెను.

ఆ నిశ్చయము వట్టి తెగువ కాదు. దానిలో లెక్క యున్నది. నడిరేయి వేళకు సముద్రపు పోటు తీసి కందకములో నీరు మూడడుగులకు మించదు. ఈశాన్యపు బురుజులయొద్ద గోడ కొంత కూలియున్నది. నైరుతి దిక్కున రొంపి దుర్గమమని ఫ్రెంచివారు అటు కాపును నిర్లక్ష్యము చేసియుండిరి. కష్టముమీద అటును పోవచ్చునని ఆంగ్లేయ అధికారులు కనిపెట్టియుండిరి. కావున మూడు వైపుల నుండి ఒక్కమారు దాడి సాగవలెను. నైరుతి రొంపిలో కెప్టెన్ నాక్సు ఏడువందలమంది సిపాయిలతో శత్రువుల దృష్టి నాకర్షింపవలెను. పేట బాటమీద ఆనందరాజు జనులు సింహద్వారమునకు ఎదురుగా కేకలు, కాల్పులు సాగింపవలెను. అసలు దెబ్బ ఈశాన్యమున. అందులకు ఓడనావికులను, ఫిరంగివారిని కూడ కలిపి 346 మంది ఐరోపావారు, ఏడువందలమంది సిపాయిలు. ఆ దినమంతయు ఫిరంగులు అన్ని బురుజులమీదను సమముగా మ్రోగినవి. దాడి ఎటునుండి వచ్చునో లోపలివారికి తెలియరాదు.

రాత్రి పది గంటలకు సేన కూడెను. మొదటి దళమునకు నాయకుడు కావలసిన కెప్టెన్ కాలెండరు కానరాలేదు. ఎంత వెదకినను జాడ తెలియక, ఫిషరు అను కెప్టెన్‌కు ఆ దళము నప్పగించిరి. రొంపిలో నడక ఆలస్యమయ్యెను. ఈశాన్యపు దళము కందకమునకు చేరకముందే నైరుతిని నాక్సు తుపాకులు మ్రోగెను. బాటవైపు ఆనందరాజు జనుల కోలాహలము చెలరేగెను. కోటలో ఎటు పరుగెత్తవలెనో తెలియని కలవరము పుట్టెను.

ఫిషరు దళము మోకాలిలోతు బురదనుండి నడుములోతు నీటిలోనికి దిగి, కందకము నడుమ పాతిన కఱ్ఱల కంచెను తెంపుచుండగా ఫ్రెంచివారు గుర్తించి కాల్చిరి. అయినను గండియెక్కి బురుజు పట్టుకొనిరి. వెనుకనే కెప్టెన్ యార్కు రెండవ దళముతోను, మాక్లీను సిపాయిలతోను వచ్చిరి. యార్కు ఎడమవైపున ఒక్కొక్క బురుజునే పట్టుకొనుచు పోవుచుండగా, దారిలో మందుగుండు నిలువయున్న చిన్న యిటుకకట్టడ మొకటి అతని సైనికుల కంటబడెను. ఎవడో “మందుపాతర!” అని కేకవేసెను. గుండ్లకు వెఱవని సైనికులు ఆ యొక్క మాటకు బెదరి వచ్చిన త్రోవనే పరుగిడిరి. యార్కు వెంట నిలిచినవారు ఇద్దరు తప్పెట వాయించు నల్లని కుఱ్ఱలు మాత్రమే. వారు జంకక దండయాత్రపు తాళము వాయించుచు నిలిచిరి. యార్కు వెనుకకు పోయి, తిట్టి, బెదరించి ముప్పదియాఱుగురిని కూడగట్టుకొని మరల వచ్చెను. ఆ సందున శత్రువులు ఫిరంగి నొకదానిని త్రిప్పి సన్నగుండ్లతో నింపియుంచిరి. ఒక్క ప్రేలుడులో పదునాఱుగురు కూలిరి. యార్కునకు రెండు తొడలలో గుండ్లు దూసికొనిపోయెను. తప్పెట కుఱ్ఱలు ఇద్దరును ఆ రాత్రి మరణించిరి.

అటు ఫిషరు కుడివైపున గోడవెంట సాగి ద్వారమును చేరుచుండగా, అంతవరకు కనబడని కాలెండరు హఠాత్తుగా దళము ముందుకు వచ్చి నిలిచెను. ఎచ్చటినుండి వచ్చెనని అడుగువారు లేరు, చెప్పువాడును లేకపోయెను. మరుక్షణమే గుండు తగిలి కూలెను. ఫిషరు పోయి ద్వారము మూసివేయించెను. దానితో వెలుపలి రక్షణదుర్గమున నున్న ఫ్రెంచి సైనికులు లోపలివారినుండి వేరుపడిరి. ఎక్కడ చూచినను తుపాకిమ్రోత. ఏ వైపు అసలు దాడి, ఏ వైపు వట్టి బెదరింపు అనునది కాన్ఫ్లాన్సునకు తెలియలేదు. షరతులపై లొంగెదనని కబురంపెను. షరతులు లేవు, తక్షణము లొంగనిచో ఎవరిని ప్రాణములతో విడువనని ఫోర్డు సమాధానము పంపెను. కాల్పు లాగెను.

తెల్లవారి లెక్క చూచుకొనగా, పట్టుబడినవారు ఐదువందలమంది ఐరోపావారు, 2,537 మంది ఇతరులు. దాడికి పోయినవారికంటె చిక్కినవారు ఎక్కువ. దొరకిన ఫిరంగులు నూటయిరువది. గెలిచినవారిలో 22 మంది ఐరోపావారు చనిపోయిరి, 62 మంది గాయపడిరి. సిపాయిలు ఏబదిమంది చనిపోయిరి, నూటయేబదిమంది గాయపడిరి. ఈ లెక్కలో ఒకటి గమనింపదగియున్నది. చచ్చినవారిలో మూడింట రెండువంతులు సిపాయిలే. యార్కు, నాక్సు, ఫిషరు పేర్లు పుస్తకముల కెక్కినవి. ఈ ఏబదిమందిలో ఒక్కని పేరును మనకు దక్కలేదు.

వారము గడువకముందే ఫ్రెంచి ఓడలు మూడువందలమంది సైనికులతో బందరు రేవునకు ఎదురుగా కనబడెను. కోటపై పరాయి జెండా చూచి మరలిపోయెను. దాడి వారము దినములు ఆలస్యమైన, ఆ సైనికులు కోటలో నుండెడివారు. సలాబత్ జంగు సమీపముననే యుండి కూడ ముందునకు రాలేక, వెనుక హైదరాబాదున తమ్ముడు నిజాం ఆలీ తన గద్దెకే ఎసరు పెట్టుచున్నాడని విని, 1759 మే 14న ఫోర్డుతో సంధి చేసికొనెను. మచిలీపట్నపు సర్కారును, నిజాంపట్నము మున్నగువానిని ఆంగ్లేయులకు ధారపోసి, ఫ్రెంచివారిని తన కొలువున ఉంచననియు, కృష్ణకు ఆవలికి పంపివేయుదుననియు ఒప్పుకొనెను. ఐదు నెలల ముందు చందుర్తియొద్ద అతని మిత్రులను ఓడించినవానికి, ఆ సంధి ద్వారా అతడే మిత్రుడయ్యెను.

దమ్మపేట చెంతనున్న గీత మొదట కనబడు చోటు ఇదియే. 1765లో షా ఆలం చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాం ఆలీతో సంధి, 1768లో దాని సవరణ — ఈ మూడింటితో సర్కారులు కంపెనీవి అయ్యెను. గుంటూరు సర్కారు 1788లో చేరెను. ఏలూరు, రాజమహేంద్రవరపు సర్కారుల ఎల్ల ఎచ్చట ముగిసెనో, అచ్చట నైజాము ఎల్ల మొదలయ్యెను. గోదావరికి ఎడమయొడ్డున నున్న భద్రాచల ప్రాంతము 1860 వరకు నైజాములోనే యుండి, ఆ యేట ఆంగ్లేయుల కిచ్చివేయబడి, 1874లో గోదావరి జిల్లాలో చేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు మరల గీత దాటి ఆంధ్రప్రదేశములో కలిసెను. మనుష్యులు కదలలేదు, గీతలే వారిమీదుగా కదలినవి.

ఫోర్డు విజయమునకు కారణములను ఆలోచించినచో, మూడు కనబడును. పోటు సమయమును లెక్కించుట, శత్రువు అసాధ్యమని వదలిన రొంపిని సాధ్యమని పరీక్షించుట, మూడు దిక్కుల చప్పుడులో ఒక దిక్కు దెబ్బను దాచుట. కాన్ఫ్లాన్సునకు బలము తక్కువ కాదు, ధైర్యమును తక్కువ కాదేమో. తన కోట చుట్టు నున్న రొంపియే కాపలా కాయునని నమ్మెను. నమ్మిన కాపలాయే ఆ రాత్రి శత్రువునకు మరుగైనది. ప్రకృతి ఎవరి పక్షమును శాశ్వతముగా వహింపదు. అదే తీరమున 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన సముద్రపు ఉప్పెన ముప్పదివేలమందిని పొట్టనపెట్టుకొనెను. అది ఏ జెండాను చూడలేదు.

ఇక ఆ యుద్ధమున పాల్గొన్నవారి తరువాతి కథ. ఫోర్డునకు కంపెనీవారు చేయదగిన గౌరవము చేయలేదు. ఆయన సర్కారుల పదవి లండనులో స్థిరపడలేదు. తరువాత కంపెనీ తనిఖీదారుగా మరల హిందూదేశమునకు వచ్చుచు, 1769లో ‘అరోరా’ అను ఓడ నెక్కి, ఆ ఓడతో సహా సముద్రమున అదృశ్యుడయ్యెను. ఆనంద గజపతిరాజు 1760లోనే మరణించెను. ఆయన వారసుడైన చిన విజయరామరాజు పెరిగి పెద్దవాడై, పేష్కషు బాకీల తగవున కంపెనీ సేనతో తలపడి, 1794 జూలై 10వ తేదీన పద్మనాభమున నేలకొరగెను. పిలిచి తెచ్చిన చుట్టము ఇంటిని ఆక్రమించిన కథ ఇది.

ఆనందరాజును నిందించుట సులభము. కాని ఆయన కాలమున ఫ్రెంచివాడు, ఆంగ్లేయుడు, నవాబు అను మూడు పేర్లు తప్ప నాలుగవ దారి ఎవరికి కనబడినది? తన పొరుగు బొబ్బిలితో రాజీపడుటయే ఆ నాలుగవ దారి. ఆ దారి రెండేండ్లకు ముందే కాలి బూడిదయైనది. బొబ్బిలి కోటలో రగిలిన మంట బందరు కోటకు త్రోవ చూపినది. బందరు కోటలో చొచ్చిన సేన అడవుల నడుమ ఒక గీత గీచినది. ఆ గీతకు ఇరువైపుల నుండి ఇన్నూరేండ్లు బ్రతికిన కుటుంబములు ఇప్పటికిని ఒకరింటికొకరు పెండ్లిపిలుపులతో రాకపోకలు సాగించుచున్నవి. సంధిపత్రములలో లేని ఈ రాకపోకలే మన దేశచరిత్రలో ఎక్కువకాలము నిలిచిన భాగమని గ్రహించుట మేలు.